ఎవరూ తన్నని బాల్చీ

బ్రదర్ రాయప్పకు వచ్చిన చిక్కేమిటంటే, అతనికి ఇంగ్లీషు చాలా బాగా వచ్చు. అది అక్కడెవరికీ అక్కర్లేదు.

బెంగుళూరులో గురువిద్యార్థిగా ఏళ్ల తరబడి చదివి వచ్చాడు. అక్కడ అందరూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే కానీ, రాయప్ప మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు కాదు. తెల్లవాళ్లు ఇంట్లో కాఫీ తాగుతూ, వీధిలో నిలబడి మాట్లాడుకునే ఇంగ్లీషు అతనికి పట్టుబడింది. ఒంట్లో బాగుండకపోతే 'అండర్ ద వెదర్' అంటాడు. సులువైన పనిని 'పీస్ ఆఫ్ కేక్' అంటాడు. ఎప్పుడో గాని జరగనిదాన్ని 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటాడు. అవతలివాడు తెల్లమొహం వేస్తే, మాటకు మాట విడదీసి, దాని వెనకున్న అసలు అర్థం ఓపిగ్గా చెబుతాడు. ఆ తెల్లమొహం చూడటమంటేనే అతనికి ఎక్కువ ఇష్టమని నా అనుమానం.

అలాంటివాణ్ని తీసుకొచ్చి శబరి ఒడ్డున, లాంచీ దిగాక ఇసుకలో పడి నడిచిపోవాల్సిన ఒక చిన్న ఆసుపత్రిలో వేశారు. గురుపట్టం ఇచ్చే ముందు ఎక్కడో ఒకచోట సేవ చేసి రమ్మని పంపడం వాళ్ల మఠం పద్ధతి. ఆసుపత్రిలో డాక్టరు ఐర్లండు నుంచి వచ్చిన ఒక సిస్టరు. అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడకు వచ్చిన తెలుగు 'నొప్పా', 'ఎక్కడ', 'నోరు తెరువు', అంతే. రోగులేమో కొండల మీది గూడేలవాళ్లు. ఆవిడ మాట వాళ్లకీ, వాళ్ల మాట ఆవిడకీ చేర్చడం రాయప్ప పని. సాయంత్రాలు, నర్సు పని నేర్చుకునే అమ్మాయిలకు ఇంగ్లీషు చెప్పడం రెండో పని.

అక్కడి మఠానికి పెద్ద శౌరయ్య గురువుగారు. పల్నాడు మనిషి, ముసలాయన. ప్రసంగం ఎక్కడ మొదలైందో తెలిసేలోపే ముగించేస్తారని జనం ఆయన పూజకు ఇష్టంగా వచ్చేవాళ్లు. మిగతా పొద్దంతా ఆయన వార్డులోనే ఉండేవారు. ఒకడికి మంచినీళ్లు పట్టడం, ఇంకొకడి పక్క సర్దడం, వంటగదికి కూరలు తరగడం, ఇవే ఆయన పనులు. చనిపోయినవాడి కోసం అయినవాళ్లు ఎవరూ రాకపోతే, గొయ్యి దగ్గర ఉండేదీ ఆయనే.

రాయప్ప ఒకనాడు ఆయన దగ్గర కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాడు.

"నేను చెప్పేది ఇక్కడ ఎవరికీ ఎక్కడం లేదు గురువుగారూ. రోగుల సంగతి సరే, పాపం వాళ్లకేం తెలుసు. ఆ అమ్మాయిలు కూడా అంతే. గ్రామరు మొదలుపెడితే చాలు, ఆవలింతలు."

శౌరయ్య గారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"పొద్దుట్నుంచీ రోగుల మధ్య తిరిగి వస్తారయ్యా పిల్లలు. కాస్త నవ్వొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు.

రాయప్ప ఆ మాట పట్టుకున్నాడు. మర్నాటి సాయంత్రం గ్రామరు పుస్తకం తేకుండా వచ్చి, చావుకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న ముద్దుపేర్లన్నీ నల్లబల్ల మీద రాశాడు.

"'పుషింగ్ అప్ ద డైసీస్'. అంటే ఏమిటో చెప్పండి చూద్దాం. గోతిలో పడుకున్నవాడు కిందనుంచి పూలమొక్కల్ని పైకి తోస్తున్నాడట." అమ్మాయిలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "'బాట్ ద ఫార్మ్'. వాడు పొలం కొనుక్కున్నాడు. ఏ పొలం? ఆరడుగుల పొలం."

ఒకమ్మాయి కిసుక్కుమంది. దాంతో రాయప్పకు ఊపొచ్చింది.

"ఇక అన్నిటికీ మహారాజు ఇది. 'కిక్ ద బకెట్'. బాల్చీని తన్నడం. తన్నినవాడు మళ్లీ లేవడు."

ఫిలోమినా అనే అమ్మాయి చెయ్యెత్తింది. అందరిలోకీ చురుకైన పిల్ల, నవ్వితే ఆపుకోలేదు. "బ్రదర్, సినిమాల్లో బాల్చీ తన్నేశాడు అంటారే, అదీ ఇదీ ఒకటేనా?"

"అదే. ఆ సీమసరుకే మన దగ్గరికొచ్చి తెలుగు నేర్చుకుంది."

గదంతా నవ్వులు. ఇంగ్లీషు క్లాసులో నవ్వు వినబడటం అదే మొదలు. వెనక బెంచీ మీద శౌరయ్య గారు కూడా కూర్చుని ఉన్నారు. చేతిలో ఆ రోజూ చిక్కుడుకాయల చేటే ఉంది. నవ్వులు తగ్గాక అడిగారు.

"రాయప్పా, ఆ బాల్చీ ఎక్కడిదయ్యా?"

"ఎక్కడిదీ కాదు గురువుగారూ. అది నుడికారం. అక్కడ నిజంగా బాల్చీ ఏమీ ఉండదు."

"ప్రతి మంచం కిందా ఒకటుందిగా" అన్నారాయన.

అమ్మాయిలు ఇంకా నవ్వారు. రాయప్ప కూడా నవ్వాడు. వాంతులకనీ మురికినీళ్లకనీ వార్డులో ప్రతి మంచం కింద ఒక రేకు బాల్చీ ఉండే మాట నిజమే. పెద్దాయనకు నుడికారం అంటే తెలియలేదు పాపం, అనుకున్నాడు.

ఆ పాఠం మాత్రం బాగా ఎక్కింది. నాలుగు రోజుల్లో వార్డులో అదే మాట అయిపోయింది. మందుల ట్రే పట్టుకుని ఎదురుపడ్డ అమ్మాయిలు గొంతు తగ్గించి, 'మూల మంచం తాత బాల్చీ తన్నేసేలా ఉన్నాడే' అనుకునేవాళ్లు. చెవినపడితే రాయప్పకు లోపల గర్వంగా ఉండేది. రోగుల ముందు చావు మాట ఎత్తకుండా పని జరిగిపోతోంది కదా, ఇందులో దయ కూడా ఉంది అని తనకు తాను చెప్పుకున్నాడు. దయ అనే మాటను మనం ఎన్నిటికి అడ్డం పెట్టుకుంటామో లెక్కలేదు.

ఒకసారి ఆ గుసగుస శౌరయ్య గారి చెవిన పడింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. లోపలికి వెళ్లి, మూల మంచం తాతకు దుప్పటి కప్పి వచ్చారు.

ఆ తర్వాతే బొజ్జిరెడ్డిని డోలీ కట్టి మోసుకొచ్చారు.

కల్లు గీయడానికి జీలుగు చెట్టెక్కి, పైనుంచి పడ్డాడు. నడుము విరిగింది. నడుము కింద నుంచి స్పర్శ లేదు. ఒళ్లు కాలిపోతోంది. మోసుకొచ్చినవాళ్లు తెమలని పనులున్నాయని మర్నాడే కొండెక్కేశారు. పెళ్లాం పండమ్మ ఒక్కతే ఉండిపోయింది. బక్కపలచని మనిషి. కిటికీ పక్కన అతని మంచం, దాని పక్కన నేల మీద ఆమె.

ఆమె కోరిక ఒక్కటే. మొగుడి కాలు కదలాలి. జ్వరం, దగ్గు, రక్తం, ఇవేవీ ఆమె లెక్కలో లేవు. తెల్లవారగానే అతని కాలి బొటనవేలు పట్టుకుని గట్టిగా నొక్కేది.

"తెలత్తందా?"

అతను తల అడ్డంగా ఊపేవాడు.

"రేపు తెలుత్తాదిలే" అని పాదాల మీద దుప్పటి సర్ది, గంజి తేవడానికి లేచేది. ఎదురొచ్చిన ప్రతివాళ్లనీ అదే అడిగేది, కాలు ఎప్పుడు లేత్తాది అని. శౌరయ్య గారిని అడిగితే, "నాకు తెలియదమ్మా" అన్నారు. ఆ ఆసుపత్రిలో ఆమెకు సూటిగా అందిన జవాబు అదొక్కటే.

ఒకరోజు పొద్దున డాక్టరమ్మ రోగుల్ని చూస్తూ కిటికీ మంచం దగ్గరికి వచ్చింది. వెనక రాయప్ప. జ్వరం కాస్త దిగింది. డాక్టరమ్మ నాడి చూసి, కళ్లు చూసి, గుండెకు గొట్టం పెట్టి విని, నిట్టూర్చింది.

"హి ఈజ్ నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్" అంది.

రాయప్పకు ప్రాణం లేచొచ్చింది. తను పుస్తకంలో చదువుకున్న నుడికారం, ఆ భాషలో పుట్టిన మనిషి నోటినుంచి, తడుముకోకుండా, కళ్లముందు. దాన్ని వట్టి 'గండం గడవలేదు' అని చప్పగా చెప్పేస్తే దాని అందమేం కావాలి? క్లాసులో చెప్పే పద్ధతిలోనే చెప్పాడు. ముందు మాటకు మాట, ఆ తర్వాత అర్థం.

"డాక్టరమ్మ ఏమంటున్నారంటే, మీ ఆయన ఇంకా అడవిలోంచి బయటికి రాలేదు అంటున్నారు. అనగా, ప్రమాదావస్థను ఇంకా అధిగమించలేదన్న మాట."

రెండో ముక్క పండమ్మ వినలేదు. విన్నా అది ఆమె ఎరిగిన తెలుగు కాదు. మొదటి ముక్క మాత్రం పూర్తిగా అర్థమైంది. ఈ ఆసుపత్రికి వచ్చాక ఆమెకు పూర్తిగా అర్థమైన మొదటి మాట అదే కావచ్చు.

"అడివిలోనే ఉన్నాడా?" అంది.

"ఇంకా బయటికి రాలేదు."

"డాక్టరమ్మే అందా ఆ మాట?"

"ఆవిడే అన్నారు."

పండమ్మ మొగుడి మొహంలోకి చూసింది. ఇన్నాళ్లూ ఈ మనిషి తన పక్కనే ఉండి కూడా లేనట్టు ఎందుకున్నాడో తెలిసిపోయినట్టు చూసింది.

"అయితే నే ఎల్లి రానా అయ్యా?"

డాక్టరమ్మ అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఏటికి స్నానానికో, మరెందుకో అడుగుతోంది కాబోలు అనుకున్నాడు రాయప్ప.

"వెళ్లి రామ్మా" అన్నాడు.

మధ్యాహ్నం శౌరయ్య గారు వార్డులోకి వచ్చేసరికి కిటికీ మంచం పక్కన నేల ఖాళీగా ఉంది.

"పండమ్మ ఏదీ?"

నేల తుడుస్తున్న ఆయా చెప్పింది. "అడివికెళ్లింది గురువుగారూ. మొగుడు ఆ చెట్టు కాడే ఉండిపోయాడని డాక్టరమ్మ చెప్పిందంట. వాళ్ల గూడెంలో అంతేనంట. జడుసుకుని పడ్డోడి పానం పడ్డకాడే నిలబడిపోద్దంట. అక్కడికెళ్లి పేరు పెట్టి పిలిచి ఎంటబెట్టుకు రావాలంట. వచ్చేటప్పుడు ఎనక్కి తిరిగి చూడకూడదంట. చూస్తే ఆగిపోద్దంట."

శౌరయ్య గారు రాయప్పను పిలిపించారు.

"ఆమెకేం చెప్పావు?"

రాయప్ప చెప్పాడు. నుడికారం చెప్పాడు, దాని అర్థం చెప్పాడు, తను రెండూ చెప్పానని చెప్పాడు.

"ఆమె ఏమంది?"

"వెళ్లి రానా అంది."

"నువ్వేమన్నావు?"

రాయప్ప తడబడ్డాడు. "వెళ్లి రమ్మన్నాను."

ముసలాయన లేచారు. చెప్పులు వేసుకుని ఏటి వైపు నడిచారు. ఆ వయసులో అంత వేగంగా నడవడం ఎవరూ చూడలేదు. రాయప్ప కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రానికి ఆయన మోకాళ్లదాకా ఇసుకతో తిరిగి వచ్చారు. పండమ్మ పొద్దున్నే ఏరు దాటేసింది. ఒక మనిషిని వెనకాల పంపించారు. కొండ మీద దారులు ఎన్నో ఉన్నాయి. పంపిన మనిషి ఏదో ఒక దారిలో వెతికి, ఉత్త చేతులతో వచ్చాడు.

ఆ రాత్రే బొజ్జిరెడ్డికి జ్వరం తిరగబెట్టింది. ఊపిరి తీస్తుంటే గొంతులో గురక. తెలివి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"పండి ఏదీ?"

"వస్తుంది" అనేవాడు రాయప్ప.

"ఎక్కడికెల్లింది?"

ఎక్కడికి వెళ్లిందో రాయప్ప చెప్పలేకపోయాడు. నీకోసమే వెళ్లింది, నువ్వు అక్కడున్నావని వెళ్లింది, అని ఎట్లా చెబుతాడు? బొజ్జిరెడ్డి గుమ్మం వైపు చూస్తూ పడుకునేవాడు. మనిషి తిరిగే అలికిడైతే మెడ ఎత్తబోయేవాడు. శౌరయ్య గారు ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు. అతని చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. రెండు మూడుసార్లు, పండమ్మ నొక్కినట్టే, అతని కాలి బొటనవేలు కూడా నొక్కి చూశారు.

చివరికి డాక్టరమ్మ వచ్చింది. చెయ్యాల్సిందంతా చేసి, తల అడ్డంగా ఊపి ఏదో అంది. అలవాటు కొద్దీ రాయప్ప మంచం పక్కకు తిరిగి నోరు తెరిచాడు. తెలుగులో చెప్పడానికి అక్కడ అయినవాళ్లు ఎవరూ లేరు. తెల్లవారుతుండగా ప్రాణం పోయింది.

ఆ పగలంతా ఎదురుచూశారు. ఎండ ఆగనిచ్చేలా లేదు. పొద్దువాలే వేళకు ఆసుపత్రి వెనక, గట్టు మీద గొయ్యి తవ్వారు. శౌరయ్య గారు కూడా పార పట్టారు. రాయప్ప పక్కనే నిలబడి, ఎవరూ అడగకుండానే అన్నాడు.

"గురువుగారూ, నేను అర్థం కూడా చెప్పాను. రెండూ చెప్పాను."

శౌరయ్య గారు పార అతని చేతికిచ్చారు.

"మట్టి వెయ్యి" అన్నారు.

వేశాడు. ఆ తర్వాత రోజుల్లో రాయప్ప ఇంగ్లీషు క్లాసు పెట్టలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు. ఒంట్లో బాగాలేదు అనే అన్నాడు, వెదరు ఊసెత్తలేదు. కానీ నేర్పిన మాటలు పంతులు మంచాన పడితే ఆగేవి కావు. అవి వార్డులో తిరుగుతూనే ఉన్నాయి.

పండమ్మ ఒక మధ్యాహ్నం తిరిగి వచ్చింది.

ఏటి ఒడ్డునుంచి ఆసుపత్రి దాకా తల తిప్పకుండా నడిచి వచ్చింది. పలకరించినవాళ్లకు కూడా ముందుకు చూస్తూనే జవాబు చెప్పిందట. పాదాలు చీరుకుపోయి ఉన్నాయి. కొంగు ముళ్లకు పట్టి చిరిగింది. మొలలో మొగుడి గీతకత్తి ఉంది. అతను పడ్డప్పుడు చేతిలోంచి జారి, చెట్టు మొదట్లో ఆకుల్లో ఉండిపోతే, వెతికి తీసుకొచ్చింది.

వార్డు గుమ్మంలోకి వచ్చేసరికి ఫిలోమినా కిటికీ మంచం మీద పరుపు మడుస్తోంది. వీపు ఇటుంది. అవతల మంచం దగ్గరున్న మరో అమ్మాయితో మాట్లాడుతోంది.

"ఈ మంచమాయన బాల్చీ తన్నేశాడుగా, అప్పట్నుంచీ ఈ పరుపుకి ఎండ చూపించలేదే."

"తన్నాడా?" అంది పండమ్మ.

ఫిలోమినా వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఎవరున్నారో చూసింది. చేతిలో పరుపు జారిపోయింది.

"బాల్చీ తన్నాడా? ఏ కాలుతో తన్నాడు?"

ఆ పిల్ల వంగి పరుపు అందుకోబోయింది.

పండమ్మకు జవాబు అక్కర్లేకపోయింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది, అందులోనే ఏడ్చింది. వార్డంతా తిరిగి, మంచం మంచానికీ చెప్పింది. "పిలిచానయ్యా. ఆ చెట్టు కిందే నిలబడి పిలిచాను. వచ్చాడు. కాలు లేచిందంట. బాల్చీనే తన్నేశాడంట." ఆ మంచాల మీద ఉన్నవాళ్లందరూ బొజ్జిరెడ్డి పోవడం చూసినవాళ్లే. ఒకాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూల మంచం తాత కళ్లు మూసుకున్నాడు. ఆమెతో నిజం చెప్పడానికి ఒక్కరికీ గుండె చాలలేదు.

"నడిపించడానికి తీసుకెల్లారా?" అని అడిగింది. ఎవరూ పలకకపోతే, అవునన్నట్టే తీసుకుంది. "వచ్చేదాకా బయట కూకుంటాలే. తొందరపెట్టకండి ఆయన్ని" అని వరండాలోకి వెళ్లింది.

ఫిలోమినా ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి రాయప్ప గది తలుపు కొట్టింది. జరిగింది చెప్పింది. రాయప్ప లేచి శౌరయ్య గారి దగ్గరికి వెళ్లాడు.

"గురువుగారూ, ఆమె వచ్చింది. కాలు లేచిందనుకుంటోంది. బాల్చీ తన్నాడని విని..." ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "మీరు చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటాను. నాకు మాట రావట్లేదు."

శౌరయ్య గారు లేచారు. రాయప్ప ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన వరండా వైపు వెళ్లలేదు. వార్డులోకి వెళ్లి, కిటికీ మంచం దగ్గర కష్టంగా మోకాళ్ల మీద వంగారు. మంచం కింద చెయ్యి పెట్టి, ఉన్న రేకు బాల్చీని బయటికి లాగారు. తీసుకొచ్చి రాయప్ప చేతికిచ్చారు.

"ముందు దీన్ని ఎవరూ తన్నలేదని చెప్పు" అన్నారు.

రాయప్ప కదల్లేదు. బాల్చీ పిడి పట్టుకుని వరండా వైపు చూశాడు.

"నవ్వొచ్చేది చెప్పమన్నది నేనేగా" అన్నారు శౌరయ్య గారు. "పద. నీ వెనకాల నేనున్నాను."

పండమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. మొహం వార్డు వైపు, వీపు గేటు వైపు. కత్తిని కొంగుతో తుడుస్తోంది. వెనక కాస్త చోటు వదిలి కూర్చుంది. రాయప్ప మెట్టు దిగి ఆ చోటులోకి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అటు తొక్కకయ్యా. నా ఎనకాలే ఉన్నాడు. ఆ ఒంట్లోకి చేరేదాకా నే తిరిగి చూడకూడదు."

రాయప్ప ఆమె ఎదురుగా, వరండా నేల మీద కూర్చున్నాడు. బాల్చీని ఇద్దరి మధ్యా పెట్టాడు. శౌరయ్య గారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, ఈ బాల్చీని ఎవరూ తన్నలేదు."

పండమ్మ కత్తి పక్కన పెట్టింది. బాల్చీని దగ్గరికి లాక్కుని చుట్టూ తిప్పి చూసింది. అరచేత్తో తడిమింది.

"సొట్ట లేదే" అంది.

"లేదమ్మా. తన్నితేగా."

"ఆ పిల్ల అంది."

"ఆ మాట ఆ పిల్లకి నేర్పింది నేను. అడవిలోంచి రాలేదన్నదీ నేనే."

"డాక్టరమ్మ కదా అంది?"

"బతుకుతాడో లేదో ఇంకా చెప్పలేను అని డాక్టరమ్మ అంది. అడవి అన్నది నేను."

ఆమె అతని నోటి వైపు చూస్తోంది. అక్కడినుంచి ఇంకేదో రావాలన్నట్టు చూస్తోంది. ఆ ఒక్క మాటకు రాయప్ప నల్లబల్ల నిండా పేర్లు రాశాడు. తెలుగులోనూ దానికి మర్యాదైన పేర్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది అన్నా ఆమె మళ్లీ లేచి ఎటో ఒకవైపు నడుస్తుందని అతనికి భయమేసింది.

"మీ ఆయన చచ్చిపోయాడమ్మా" అన్నాడు. "నువ్వు అడవిలో ఉండగానే. నీకోసం అడిగాడు. అటు గట్టు మీద పాతిపెట్టాం."

పండమ్మ అరవలేదు. బాల్చీ మీదున్న చెయ్యి తియ్యలేదు. లోపల ఎవరో దగ్గుతున్నారు.

"ఏరు దాటేదాకా నా ఎనకాల అలికిడి అవుతానే ఉందయ్యా" అంది.

రాయప్ప ఆమె కళ్లలోకి చూస్తూ అలాగే కూర్చున్నాడు.

అప్పుడు పండమ్మ వెనక్కి తిరిగి చూసింది.